అన్న దళం పూర్తయింది, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు

అన్న చనిపోయి మొన్న శుక్రవారానికి ఏడాది నిండింది. సంవత్సరీకం నాటికి ఆయన బొమ్మల పెట్టె పూర్తి చేస్తానని వదినకు మాటిచ్చాను, చేయగలిగాను. కానీ అది నా ఒక్కడి వల్ల అయింది కాదు, అందుకే ఈ పోస్టు.

తెలియని వాళ్లకు: నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర వాచీలు బాగుచేసే అన్నకూ నాకూ ఇరవై ఏళ్లుగా ఒకటే పిచ్చి, 1/72 స్కేలు ప్లాస్టిక్ సైనికులు. ఐదున్నర అడుగుల మనిషి ఆ స్కేలులో 23 మిల్లీమీటర్లు, అంటే సగం అగ్గిపుల్లంత. నెపోలియన్ సైన్యం దొరుకుతుంది, ప్రపంచ యుద్ధాల సైన్యాలు దొరుకుతాయి, మన తెలంగాణ సాయుధ పోరాటంలో కొట్లాడిన మనుషులను మాత్రం ఏ కంపెనీ డబ్బాలోనూ నేను చూడలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన సంగతి వాళ్ల నాయన చెప్తుంటే విని పెరిగినవాడు అన్న (ఆ ఊరు అప్పట్లో మన నల్లగొండ జిల్లాలోదే). ఎట్లాగైనా గుతుపల సంఘాన్ని, అంటే దుడ్డుకర్రలు పట్టి తిరగబడ్డ ఆ ఊరి మనుషులను, మనమే చేయాలని పట్టుబట్టాడు. 24 మందిని అనుకుని తొమ్మిది మందిని చేసి వెళ్లిపోయాడు.

వదిన ఇచ్చిన పెట్టె మూత తీస్తే గ్రెనేడ్ విసురుతున్న సైనికుడొకడు కనిపించాడు. హెల్మెట్ చెక్కేసి ఉంది, చేతిలో గ్రెనేడ్ కోసేసి ఉంది, కింద చీటీ మీద అన్న రాతలో "వడిసెల" అని ఒకే మాట, అంటే రాయి పెట్టి తిప్పి విసిరే తాడు. చాలాసేపు అట్లాగే చూస్తూ కూర్చున్నాను. గ్రెనేడ్ కోసం వెనక్కి లాగిన చేయే వడిసెల తిప్పడానికీ సరిపోతుంది, అది అన్న కంటికే కనపడింది.

ఆ వడిసెలకు వెంట్రుకంత రాగి తీగ ఇచ్చిన ఫ్యాన్ వైండింగ్ షాపు తమ్ముడికి థ్యాంక్స్, పైసలు తీసుకోలేదు. ఆ మెత్తటి ప్లాస్టిక్‌కు సూపర్ గ్లూ పట్టదు, అరచేతికి సన్న రంధ్రం వేసి తీగ గుచ్చాల్సిందే, దానికి తన చేతి డ్రిల్లు ఇచ్చినది మా ఔసలి (కంసాలి) బాబాయ్. మొదటి నలుగురికి నేను తొందరపడి కడగకుండానే రంగేశాను, వారంలో పెచ్చులు లేచిపోయింది, ఏడుపొచ్చింది. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, పలచటి ఫెవికాల్ ఒక పూత వేసి, ఆరాకే రంగు వేయమని రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఓపిగ్గా చెప్పిన సికింద్రాబాద్ మిత్రుడికి, తన డబ్బాలోంచి ఆరుగురు సైనికులను కొరియర్ చేసినందుకు కూడా, రుణపడి ఉంటాను.

అందరికన్నా ఎక్కువ చెప్పుకోవాల్సింది పానగల్లు గొర్ల తాత గురించి. టిష్యూ పేపర్ ఫెవికాల్‌లో తడిపి గొంగళ్లు చేశాను, శాలువాల్లా రెండు భుజాల మీద చక్కగా కప్పాను. తాత భూతద్దంలో చూసి "గొంగడి గిట్ల కప్పుకుంటరా బిడ్డా?" అని తన గొంగడి తీసి, మడిచి, తల మీదుగా కొప్పెర పెట్టి నిలబడ్డాడు. ఆ మడత వెనకనుంచి ఎట్లా జారుతుందో ఫోటోలు తీసుకుని ఆరుగురివి పీకి మళ్లీ చేశాను. అన్న ఉంటే ఆయనా అదే చేయించేవాడు. రోకలి పట్టిన అవ్వ చీరకట్టు మా అమ్మ చూపించింది, ఎం-సీల్ ముద్ద గట్టిపడేలోపు కుచ్చిళ్లు గీయడానికి మూడుసార్లు పట్టింది.

అన్న చేసిన తొమ్మిదింటి మీద నేను బ్రష్ పెట్టలేదు. అద్దాల పెట్టె వదిన ఇంట్లో ముందు గదిలో ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. తాత ఇప్పటికే రెండుసార్లు వచ్చాడు, రెండోసారి మనవణ్ని వెంటబెట్టుకొచ్చాడు.

బాబాయ్, ఆదివారం డ్రిల్లు తెచ్చిస్తాను. సన్న బిట్ ఒకటి విరిగింది, కొత్తది కొని పెట్టాను.