ఈ ఏడాది ట్రిప్పులు తగ్గించాం, ధర పెంచాం. ఎందుకో చెప్తాను

నమస్కారమండి.

ఫిబ్రవరి వచ్చిందంటే మాకు ఫోన్లు మొదలవుతాయి. "అమ్మావాళ్ళు ఏప్రిల్లో వస్తున్నారు, ఈసారి ట్రిప్పులెప్పుడు?" అని. విడివిడిగా చెప్తూ పోతే ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మర్చిపోతున్నాను. అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. మాది న్యూజెర్సీ ఎడిసన్‌లో నేనూ మా ఆయనా నడుపుకునే చిన్న వ్యాపారం. పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, విలియమ్స్‌బర్గ్ లాంటి పాత ఊళ్ళకీ, మ్యూజియాలకీ బస్సులో తీసుకెళ్తాం. తెలుగులో వివరించి చెప్పేది నేను, పులిహోర బాధ్యత ఆయనది.

సూటిగా విషయానికొస్తాను. ఈ ఏడాది, అంటే 2026లో, ట్రిప్పులు సగానికి తగ్గించాం. జూన్ రెండో వారం నుంచి జులై 19 దాకా మా బస్సు కదలదు. విలియమ్స్‌బర్గ్ ట్రిప్పు మనిషికి 480 డాలర్లుండేది, 560 చేశాం. "మూడు రోజుల్లో ఏడు ఊళ్ళు" ప్యాకేజీ తీసేశాం. దాన్ని మళ్ళీ పెట్టమని దయచేసి అడగొద్దు.

ముందు పోయినేడాది సంగతులు. అందులో ఒకటి పూర్తిగా నా తప్పు.

ఫిలడెల్ఫియా ఒకరోజు ట్రిప్పు మామూలుగా శుక్రవారం వేస్తాం. జూన్‌లో ఒకసారి మంగళవారమైతే బస్సు తక్కువకి దొరుకుతుందని ఆశపడి మార్చాను. పొద్దున ఇండిపెండెన్స్ హాలూ, లిబర్టీ బెల్లూ చక్కగా అయిపోయాయి. మధ్యాహ్నం ఆర్ట్ మ్యూజియం ముందు దిగి, నలభై మంది ఆ 72 మెట్లూ ఆయాసపడుతూ ఎక్కారు. పైకెళ్ళి చూస్తే తలుపులు మూసున్నాయి. ఆ మ్యూజియానికి మంగళ, బుధవారాలు సెలవు. ఎన్నోసార్లు వెళ్ళిన చోటే, కానీ ఎప్పుడూ శుక్రవారమే వెళ్ళిన అలవాటుతో చూసుకోలేదు. ఒక పెద్దావిడ మెట్టు మీద కూలబడి, "గుడి చూపిస్తానని తీసుకొచ్చి తలుపులు చూపించావేమ్మా" అన్నారు. ఆవిడ నవ్వుతూనే అన్నారు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

గుడి అని ఎందుకన్నారంటే, ఆ మ్యూజియంలో నిజంగానే మన రాతి మండపం ఉంది. 1560 ప్రాంతంలో మదురై మదనగోపాలస్వామి గుడిలో కట్టినది. మదురైని నాయక రాజులు ఏలిన కాలం అది. ఇంట్లో తెలుగు మాట్లాడుకున్న రాజులు కాబట్టి మనవాళ్ళకి ఆ మాట చెప్పగానే మొహాలు మారతాయి. ఆ స్తంభాలూ, శిల్పాలూ గుడి ఆవరణలో గుట్టగా పడి ఉంటే, 1912లో అడెలైన్ పెప్పర్ గిబ్సన్ అనే ఫిలడెల్ఫియా ఆవిడ కొని, ఓడలో ఇంటికి పంపించింది. 1919లో ఆవిడ పోయాక కుటుంబం వాళ్ళు మ్యూజియానికిచ్చారు. ఇలా కొనడం న్యాయమేనా అని మా బస్సులో ప్రతిసారీ వాదన జరుగుతుంది. జరగనివ్వండి, నేను ఆపను. ఆ మంగళవారం వచ్చిన వాళ్ళలో ఇరవై ఆరుగురిని తర్వాత శుక్రవారం ఉచితంగా తీసుకెళ్ళాం. అప్పటికే ఇండియా వెళ్ళిపోయిన వాళ్ళ పిల్లలకి సగం డబ్బు తిరిగిచ్చాం.

రెండోది అక్టోబరు. ఒకటో తారీఖున ఫెడరల్ ప్రభుత్వం షట్‌డౌన్ అయింది గుర్తుందా, అంటే నిధులు మంజూరు కాక పనులు ఆపేశారు, 43 రోజులు నడిచింది. మాకు 11, 12 తేదీల్లో వాషింగ్టన్ ట్రిప్పుంది, శని, ఆదివారాలు. ప్రభుత్వ డబ్బుతో నడిచే స్మిత్సోనియన్ మ్యూజియాలు దగ్గరున్న పాత నిధులతో 11 దాకానే తెరుస్తామని ముందే చెప్పాయి. అంటే ఆదివారం మూసేస్తారని నాకు తెలుసు. ఆలోపు రెండు పార్టీల వాళ్ళూ రాజీ పడకపోతారా అని బుకింగ్ అలాగే ఉంచేశాను. హోటల్ డబ్బు వెనక్కి రాదు, బస్సుకి అడ్వాన్సు కట్టేశాం, అదీ నా లెక్క. రాజీ కుదరలేదు. ఆదివారం మొత్తం లింకన్ మెమోరియల్ దగ్గరా, నేషనల్ మాల్ అనే మైదానం మీదా తిప్పాను. మనిషికి 60 డాలర్ల చొప్పున వెనక్కిచ్చాం. కొందరు వద్దన్నారు, వాళ్ళకి కూడా పంపాం. ఇక నుంచి ఇలాంటి పరిస్థితి వస్తే పది రోజుల ముందే ఫోన్ చేసి, వస్తారా మానేస్తారా అని మిమ్మల్నే అడుగుతాను. ఆ జూదం మీ డబ్బుతో నేను ఆడను.

ఇక ఏడు ఊళ్ళ ప్యాకేజీ సంగతి. దాన్ని అడిగేవాళ్ళు ఎక్కువమంది పిల్లలే, పెద్దవాళ్ళు కాదు. "ఇంత దూరం వచ్చారు, అన్నీ చూసేయాలి" అంటారు. అన్నీ అంటే ఏమిటి? బస్సు దిగడం, బాత్రూమ్ లైను, గ్రూప్ ఫొటో, బస్సెక్కడం. దానికి తోడు రూల్సున్నాయి. ప్రయాణికుల బస్సు డ్రైవరు పది గంటలకి మించి నడపకూడదు. డ్యూటీలో 15 గంటలు గడిచాక స్టీరింగే పట్టకూడదు. మళ్ళీ నడపాలంటే మధ్యలో ఎనిమిది గంటల విశ్రాంతి ఉండాలి. వాషింగ్టన్ దగ్గర ఐ-95 హైవే మీద ఒక యాక్సిడెంటయితే మన ప్లాన్లో ఒక ఊరు ఎగిరిపోతుంది. డ్రైవర్ని "ఇంకొక్క గంట" అని బతిమాలే పని నేను చేయను. వెనక యాభై మంది పెద్దవాళ్ళు కూర్చుని ఉంటారు.

ఒకే చోట రెండు రాత్రులు ఉంటే ఏం దొరుకుతుందో చెప్తాను. విలియమ్స్‌బర్గ్ 1699 నుంచి 1780 దాకా వర్జీనియాకి రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కి తరలిపోయాక ఊరు పాతబడిపోయింది. అక్కడి పాస్టరు గుడ్‌విన్ పట్టుదలకి కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బు తోడై, 1926లో మళ్ళీ పాత రూపానికి తేవడం మొదలుపెట్టారు. ఇప్పుడు 301 ఎకరాల్లో ఆ పాత ఊరంతా మ్యూజియమే. ఎనభైకి పైగా కట్టడాలు 18వ శతాబ్దంలో కట్టినవే. గవర్నర్ ప్యాలెస్, క్యాపిటల్ లాంటివి మాత్రం పాత పునాదుల మీద తిరిగి కట్టినవి. అక్కడ కమ్మరి నిజంగా ఇనుము కాలుస్తాడు, పీపాలవాడు పీపా చేస్తాడు. వేసవిలో ఇటుకల మట్టి చెప్పుల్లేకుండా తొక్కమంటే మనవాళ్ళు చీర కుచ్చిళ్ళు పైకెత్తుకుని దిగిపోతారు.

పోయిన మేలో చీరాల నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. మోకాళ్ళ నొప్పులు, కొడుకు బలవంతం మీద వచ్చారు, మొదటిరోజు బస్సులో ఎవరితోనూ మాట కలపలేదు. రెండోరోజు నేతవాళ్ళ షాపుకి వెళ్ళాం. గుమ్మంలోనే ఆగిపోయి చెప్పులు విప్పబోయారు. అక్కర్లేదండీ అంటే, "మగ్గం ఉందమ్మా లోపల" అన్నారు. మనలా నేలలో గుంట తవ్వి కూర్చునే గుంట మగ్గం కాదు, చెక్క చట్రంతో పైకి నిలబెట్టింది. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది పడుగు, ఇది పేక, అదిగో నాడె, మిగతాదంతా మనదే" అని తేల్చేశారు. పడుగంటే నిలువు పోగులు, పేకంటే అడ్డం పోగులు, పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళేది నాడె. తర్వాత అచ్చు, అంటే పడుగు పోగులు దూర్చే దువ్వెనలాంటిది, దాని గురించి ఏదో అడిగారు. నాకు ఆ మాటలకి ఇంగ్లిష్ తెలీక నీళ్ళు నములుతుంటే, ఆయనే వేళ్ళు దువ్వెనలా పెట్టి చూపించారు. మగ్గం మీదున్న అమ్మాయికి అర్థమైపోయింది.

అప్పుడు ఆయన కండువా అంచు నుంచి ఒక పోగు లాగి, మధ్యలో తుంచి, వేలికొసలు తడి చేసుకుని రెండు కొసలూ కలిపి ఒక్క తిప్పు తిప్పారు. ముడి కనిపించలేదు. పడుగు తెగితే మేమిలా అతుకుతామని చెప్పమన్నారు నన్ను. చెప్పే పనే లేకపోయింది. ఆ అమ్మాయి అప్పటికే మగ్గం ఆపి వంగి చూస్తోంది. మళ్ళీ చేయండి, నెమ్మదిగా, అని సైగ చేసింది. నాలుగుసార్లు చేయించుకుంది. తర్వాత తన పద్ధతి చూపించింది, ఆయన "పర్లేదు" అన్నట్టు తలూపారు. మేం ఆ షాపులో ముప్పావు గంట ఉన్నాం. పాత ప్యాకేజీలో ఆ ఊరు మొత్తానికి మేమిచ్చింది యాభై నిమిషాలు.

అక్కడి డెకరేటివ్ ఆర్ట్స్ మ్యూజియం సేకరణలో మన కోరమాండల్ తీరంలో చేత్తో రంగులద్దిన 18వ శతాబ్దపు బట్టలు కూడా ఉన్నాయి. అన్నీ ఎప్పుడూ బయట పెట్టరు, కాబట్టి చూపిస్తానని మాటివ్వను.

ఒక ఫిర్యాదుకి కూడా జవాబు చెప్పాలి. "సరదాగా పంపితే బానిసల కథలు చెప్పి అమ్మని ఏడిపించారు" అని ఒకరు రాశారు. అమెరికా విప్లవం నాటికి విలియమ్స్‌బర్గ్ జనాభాలో సగానికి పైగా నల్లజాతి వాళ్ళే, వాళ్ళలో దాదాపు అందరూ బానిసలే. వంటిళ్ళూ, లాయాలూ, తోటలూ చూపిస్తూ అక్కడ పనిచేసిందెవరో చెప్పకుండా ఎలా? ఆ భాగం తీసేయను. వినలేనివాళ్ళు ఆ కాసేపు బయట బెంచీ మీద కూర్చోవచ్చు.

మూడోరోజు జేమ్స్‌టౌన్. 1607లో ఇంగ్లిష్ వాళ్ళు దిగిన చోటు. అక్కడ జేమ్స్ నది దాటే ప్రభుత్వ ఫెర్రీ ఉంది, టికెట్టు లేదు. మా ఆయన కోనసీమ మనిషి, దాన్ని పంటు అనే పిలుస్తారు, ఇప్పుడు మా డ్రైవరు కూడా పంటు అనే అంటున్నాడు. అక్కడి నుంచి యార్క్‌టౌన్. 1781 అక్టోబరు 19న బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ సైన్యం జార్జ్ వాషింగ్టన్‌కి లొంగిపోయింది ఇక్కడే. కారన్‌వాలిస్ మాత్రం ఒంట్లో బాలేదని చెప్పి కింది అధికారిని పంపాడు. విజయనగరం నుంచి వచ్చిన సోషల్ మాస్టారొకరు బస్సులో మైకు లాక్కుని మిగతా కథ చెప్పేశారు: "ఇక్కడ ఓడిపోయినవాడు 1786లో గవర్నర్ జనరల్‌గా మనమీదకొచ్చాడర్రా. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పెట్టాడు. 1802 నుంచి అదే మన సర్కారు జిల్లాలకీ పాకింది. మా తాత శిస్తు కట్టింది వీడి పుణ్యమే." అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ కథ ఇప్పుడు నా ట్రిప్పులో భాగం, మాస్టారి అనుమతితోనే.

జూన్, జులై ఎందుకు వద్దంటున్నానంటే, ఈ జులై 4కి అమెరికాకి 250 ఏళ్ళు. అదే సమయంలో, జూన్ 11 నుంచి జులై 19 దాకా ఫుట్‌బాల్ వరల్డ్ కప్. జులై 4న ఫిలడెల్ఫియాలోనే ఒక నాకౌట్ మ్యాచ్, ఫైనల్ మన న్యూజెర్సీలోనే. హోటళ్ళ రేట్లు అడిగి ఫోన్ పెట్టేశాను. డెబ్భై ఏళ్ళవాళ్ళని ఆ జనంలో, ఆ ఎండలో నిలబెట్టడం నావల్ల కాదు. "250వ పుట్టినరోజు స్పెషల్" అని పోస్టరేస్తే సీట్లు నిండుతాయి, నాకూ తెలుసు.

560 ఎలా అయిందో లెక్క ఇదిగో. బస్సుకీ డ్రైవరుకీ 215, హోటల్‌కి 185, టికెట్లకీ భోజనాలకీ 105, మాకు మిగిలేది 55. ఈసారి 56 సీట్ల బస్సు కాకుండా ముప్ఫై మందికి సరిపోయేది తీసుకుంటున్నాం, అందుకే మనిషి మీద పడే అద్దె పెరిగింది. అందులో బాత్రూమ్ ఉండదు. గంటన్నరకోసారి ఆపుతాం, షుగర్ ఉన్నవాళ్ళు ఇంకా ముందే ఆపమంటే ఆపుతాం. "స్మిత్సోనియన్ ఫ్రీ కదా, వాషింగ్టన్‌కి ఇంత ఎందుకు?" అని అడుగుతారు. మ్యూజియం ఫ్రీనే, దాని దాకా వెళ్ళడం ఫ్రీ కాదండీ.

ఈ ఏడాది నుంచి విదేశీయులకి పార్కుల్లో మనిషికి వంద డాలర్లు అదనం అని విని చాలామంది టెన్షన్ పడుతున్నారు. అది ఎల్లోస్టోన్, గ్రాండ్ కేనియన్ లాంటి 11 పార్కులకే. మేం వెళ్ళే చోట్లేవీ అందులో లేవు.

విలియమ్స్‌బర్గ్ ట్రిప్పులు మే 15, సెప్టెంబరు 18, రెండూ శుక్రవారాలు. ఫిలడెల్ఫియా ఏప్రిల్, మే, సెప్టెంబరుల్లో, శుక్రవారాలు మాత్రమే. వీల్‌చెయిర్ కావాల్సిన వాళ్ళు బుకింగ్ అప్పుడే చెప్పండి, పెద్దవాళ్ళు మొహమాటానికి "నేను నడుస్తాలే" అంటారు, వాళ్ళ మాట నమ్మకండి. చీరాల పెద్దాయన సెప్టెంబరుకి మళ్ళీ పేరిచ్చారు. ఈసారి ఇంటి నుంచి నాడె తెస్తారట. చెకిన్ బ్యాగులో పెట్టమని కొడుక్కి చెప్పాను.