ఆ నలభై రూపాయల సంగతి

ఒరేయ్ మామా,

ఎట్లుండావు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గినాయా? మొన్న ఫోన్లో నువ్వడిగింది నా మనసులో అట్లే ఉండిపోయింది. జనాన్ని కలపాలి, ఊరి అధికారం ఊరి చేతికే ఇయ్యాలి అని గవర్నమెంటు ఇంత డబ్బు పెడతా ఉంది గదా, అది యాడికి పోతా ఉందన్నావు. బస్సులో ఉండి సరిగ్గా చెప్పలేకపోయినా. తీరిగ్గా రాస్తా ఉండా, చదువు.

అంతా తినేస్తా ఉండారని నేననను. పని జరిగింది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకిచ్చిన గ్రాంటులో వందకి 60 రూపాయలు తాగునీటికీ, పారిశుద్ధ్యానికీ పెట్టాలని నియమం. మిగతా 40 ఊరి అవసరానికి. జీతాలకు మాత్రం వాడకూడదు. ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో మన పంచాయతీ పేరు కొట్టి చూడు, దేనికెంత పెట్టినారో కనిపిస్తుంది. సిమెంటు రోడ్డు, మురికి కాలవ, మోటారు రిపేరు. నాకు వాటితో పేచీ లేదు, మా వీధిలో ఇప్పుడు వానొచ్చినా నడవగలం.

నా బాధంతా ఆ నలభై దగ్గరే. ఊరి అవసరం ఏందో తేల్చాల్సింది గ్రామసభ. ఆ సభలో మన కాలనీ గిరిజనులు, యానాదులు లేరు మామా.

ఎట్లుంటారు? సభ పెట్టేది పొద్దున పదకొండుకి, సచివాలయం కాడ. ఆ టయానికి కాలనీలో ముసిలోళ్లూ, పసిబిడ్డలే. తక్కినోళ్లంతా తెల్లారకముందే ఇటుకబట్టీకో, కయ్యల్లోకో, చెరువు మీదికో పోయుంటారు. సభకి వస్తే ఆ పూట కూలి పోతుంది. ఒకరిద్దరు వచ్చినా గోడకానుకుని నిలబడతారు. ముందు కుర్చీలు ఎవురెవురివో అందరికీ తెలుసు గదా.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో ఉండే 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు పెట్టినారు, గుర్తుందా? నాకు నిజంగా సంతోషమేసింది. మా ఊర్లో కూడా జనం బాగానే వచ్చినారు, ఉపాధి పనుల మీద గట్టిగానే మాట్లాడినారు. ఆ తర్వాత కాలనీకి పోయి అడిగితే ఒక అక్క, “మా కాడ దండోరా ఎవురేసినారు సామీ?” అనింది. వాళ్లకి కావాల్సింది ఏందో తెలుసా? శ్మశానానికి దారి. వానాకాలంలో పీనుగను మోసుకుని మోకాలి లోతు బురదలో కయ్యలకడ్డం పడి పోతారంట. ఆ నలభైలో చెయ్యదగ్గ పనే అది. ప్రణాళికలో దాని పేరే లేదు.

వీళ్ల పెద్దోళ్ల కత నీకు తెలియంది కాదు. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా ఉండినోళ్లని రాకెట్ కేంద్రం కోసం లేపి పంపించినారు. 2022లో జిల్లాలు విడగొట్టినాక ఆ దీవి మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది. చట్టాలకేమీ తక్కువ లేదు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. జనాభా లెక్కన గిరిజనుల వాటా నిధులు పక్కన పెట్టాలని 2013లో ఉపప్రణాళిక చట్టమూ వచ్చింది. అయితే ఆధార్ లేదు, కుల సర్టిఫికెట్ లేదు, కాగితం లేనోడికి ఏ పథకమూ అందదు. ఇంటికి డబ్బుంది, బోరుకి డబ్బుంది, ఆ అక్కని తాశిల్దారు ఆఫీసుకి వెంట తీసుకుపోయి పని అయ్యేదాకా పక్కన నిలబడే మనిషికి మాత్రం లెక్కల్లో పైసా లేదు. నన్నడిగితే మొదట పెట్టాల్సిన ఖర్చు అదే.

అట్లాంటి ఖర్చు చెయ్యలేరా అంటే, చేసినారు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ కోసం మొత్తం ఖర్చులో వందకి అర్ధ రూపాయి దాకా కేటాయించినారు. ఆ అర్ధ రూపాయితోనే పిల్లకాయలు ఇల్లిల్లూ తిరిగి, మస్టరు, అంటే కూలోళ్ల హాజరు పట్టీ, చేతిలో పెట్టుకుని, “నువ్వు ఇన్ని రోజులు పనికి పోయినావా, డబ్బులు చేతికొచ్చినాయా?” అని అడిగి, ప్రజావేదికలో అందరి ముందరా చదివినారు. ఈ పనికి దారి చూపించింది మన ఆంధ్రానే. కూలోళ్లు అధికారి ముందర నోరు తెరిచి మాట్లాడింది ఆడే. రోడ్డేసినందుకు కాదు, లెక్క చదివి వినిపించినందుకు.

మన కాలనీలో ఇంటర్ పాసైన ఆడబిడ్డలు ఇద్దరు ముగ్గురుండారు. వాళ్లలో ఒకరికి, ఆ గ్రాంటు కాకుండా వేరే పద్దు కింద, నెలజీతమిచ్చి, కాగితాల పనీ, సభకి పిలిచే పనీ అప్పజెబితే ఎంత అవుతుంది? ఒక కల్వర్టుకయ్యే ఖర్చులో ఏ మూలకొస్తుంది చెప్పు.

అందుకే అర్జీ రాస్తా ఉండా. అక్టోబరు 2 సభ కాలనీలోనే, చీకటి పడినాక పెట్టాలని, మొదటి పద్దుగా శ్మశానం దారి రాయాలని. సర్పంచి కాదనలేదు, “చూద్దాంలే అన్నా” అన్నాడు. నోటి మాట చాలదు. నువ్వు లా చదివినోడివి. 1994 పంచాయతీరాజ్ చట్టం తీసి, సభ చోటూ, టయమూ ఎవురు నిర్ణయించాలో చూసి, ఆ సెక్షన్ నంబరుతో నాలుగు ముక్కలు రాసి పంపు. ఈ నెలాఖరు లోపల అందితే చాలు, అర్జీకి జత చేసి ఎంపీడీవోకి ఒక కాపీ ఇచ్చొస్తా.

ఇట్లు,
నీ స్నేహితుడు