కర్ణాటక కార్మిక శాఖ మంత్రి గారికి ఒక విలేకరి బహిరంగ లేఖ

అయ్యా,

బెంగళూరులో ఓ తెలుగు పత్రికకు విలేకరిని. పొద్దున విధానసౌధ, మధ్యాహ్నం కె.ఆర్. పురం, సాయంత్రం ఎలక్ట్రానిక్ సిటీ. బండి తీయందే వార్త రాదు. ఇక్కడ లీటరు పెట్రోలు 2021లోనే 100 రూపాయలు దాటింది. మా పెట్రోలు భత్యం మాత్రం అంతకుముందు ఖాయం చేసినదే. సిల్క్ బోర్డు కూడలిలో ఇంజను ఆపుకుని నిలబడతాం, చుక్క మిగిలినా మిగిలినట్టే కదా అని.

భత్యం పెంచమన్న సహోద్యోగికి కాంట్రాక్టు పొడిగించలేదు. అప్పటి నుంచి ఎవరూ నోరు మెదపడం లేదు. పత్రికా ఉద్యోగుల జీతాలపై కేంద్రం వేసిన మజీఠియా వేతన సంఘం సిఫారసులు కాంట్రాక్టు ఉద్యోగులకూ వర్తిస్తాయని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చి చెప్పింది. ఆ మాట ఎత్తితే కొలువు ఉంటుందన్న భరోసా ఎవరిస్తారు?

మేం ఫిర్యాదుతో వచ్చేదాకా ఆగకండి. మీ అధికారులనే పంపి పత్రికా కార్యాలయాల్లో జీతాల రిజిస్టర్లు, కాంట్రాక్టు కాగితాలు తనిఖీ చేయించండి.

ఇట్లు,
ఒక విలేకరి, బెంగళూరు