కంప్యూటర్ అమ్మే ముందు మేము అడగని ప్రశ్న

మా వద్ద కంప్యూటర్లు కొనేవారందరికీ నమస్కారం.

గత నెలలో మా వల్ల జరిగిన ఒక పొరపాటును మీకు చెప్పవలసి ఉంది. ఇంటి నుంచే లెక్కల పని చేసుకునే ఒక మహిళకు, ఛార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుందని చెప్పి, ఆర్మ్ ప్రాసెసర్ (ఇంటెల్, ఏఎండీ చిప్‌లకు భిన్నమైన రకం) ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఇచ్చాము. మూడో రోజుకల్లా ఆమె దానితో పాటు తన పాత స్కానర్‌ను కూడా సంచిలో పెట్టుకొని తిరిగి వచ్చారు. లెక్కల సాఫ్ట్‌వేర్ చక్కగానే నడుస్తోంది. స్కానర్‌ను మాత్రం ఎన్నిసార్లు తగిలించినా తగిలించిన పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో, ఏదో లోపం ఉందని చెప్పే పసుపు రంగు త్రికోణమే కనిపించింది.

ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కోసం రాసిన మామూలు ప్రోగ్రాములను విండోస్ 11 ఆర్మ్ యంత్రంపై అప్పటికప్పుడు అనువదించుకొని చాలావరకు నడిపించగలదు గానీ, ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పొరలో పనిచేస్తూ స్కానర్ వంటి పరికరాలను నడిపించే డ్రైవర్లకు ఆ వెసులుబాటు లేదు. వాటిని తయారీదారు ఆర్మ్ కోసం విడిగా తయారుచేసి ఇవ్వాలి. ఎప్పుడో అమ్మడం మానేసిన స్కానర్ కోసం అంత శ్రమ ఎవరు పడతారు? ఆమె డబ్బు పూర్తిగా వాపసు ఇచ్చాము.

ర్యామ్ ఎంత కావాలి, ఎంతలో కావాలి అని అడిగిన మేము, ఇంట్లో ఏ ప్రోగ్రాములు వాడుతున్నారో, కంప్యూటర్‌కు ఏమేమి తగిలిస్తారో అడగలేదు. 1979లో వచ్చిన విజికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ కోసమే ఎందరో ఆపిల్ 2 కంప్యూటర్ కొన్నారు. ఐబీఎం పీసీని పోలిన యంత్రాలు మార్కెట్లోకి వచ్చిన రోజుల్లో, వాటిపై లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్, ఫ్లైట్ సిమ్యులేటర్ అనే ఆట నడుస్తాయో లేదో చూసి మరీ అవి ఐబీఎం పీసీకి ఎంతవరకు సరిపోలుతాయో అంచనా వేసేవారు. ఇన్నేళ్లుగా ఈ వ్యాపారంలో ఉండి ముందు ప్రోగ్రాము, తరువాతే యంత్రం అనే ఆ పాత పాఠాన్నే మరిచాము.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మద్దతు ముగిసిన తరువాత మా వద్దకు వస్తున్న యంత్రాల్లో చాలా వాటికి ఏ జబ్బూ లేదు; టీపీఎం 2.0 అనే భద్రతా భాగం లేకనో, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో లేకనో విండోస్ 11కు నోచుకోలేదు, అంతే. బ్రౌజర్, ఈమెయిల్, నాలుగు ఉత్తరాలు రాసుకోవడం తప్ప వేరే పని లేనివారు కొత్తది కొనకుండా ఆ పాతదానిలోనే విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోవచ్చు. మాకు ఒక అమ్మకం పోతుంది, పోనివ్వండి. అయితే విండోస్‌పై మాత్రమే నడిచే ప్రోగ్రాము ఒక్కటి తప్పనిసరి అయినా ఈ సలహాను పక్కన పెట్టండి. మ్యాక్ కొని, అవసరమైతే విండోస్ కూడా వేసుకుందామని అనుకునేవారు ఒక సంగతి గమనించాలి: ఆపిల్ సొంత చిప్‌లు ఉన్న మ్యాక్‌లలో, విండోస్ వేసుకోవడానికి పాత మ్యాక్‌లలో ఉండే బూట్ క్యాంప్ అనే సదుపాయం లేదు.

ఇకపై వచ్చేటప్పుడు మీ ప్రోగ్రాముల పేర్లు, వెర్షన్లు, ప్రింటర్ మోడల్ నంబరు ఒక కాగితంపై రాసుకొని రండి. ఆ కాగితం చూడకుండా ఆర్మ్ ల్యాప్‌టాప్ గానీ మ్యాక్ గానీ బిల్లు చేయము. పాత స్కానర్ ఉంటే దానిని కూడా వెంట తెచ్చుకోండి, డబ్బు చెల్లించే ముందే తగిలించి చూద్దాము.