లంబసింగి దారికి ఏ హెల్మెట్?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పర్యాటకం పేజీలో లంబసింగి, చెరువులవేనం, వంజంగి మీద వచ్చిన కథనం చదివాను. తెల్లారేలోపు ఎక్కడికి చేరితే మబ్బులు కాళ్ళ కింద కనిపిస్తాయో, టెంట్లు ఎక్కడ దొరుకుతాయో, స్వెట్టరు, మంకీ క్యాపు, ఫ్లాస్కు ఎందుకు మరిచిపోకూడదో వివరంగా రాశారు. బైకుల మీద వచ్చేవాళ్ళకు మాత్రం ఒకటే ముక్క: "హెల్మెట్ తప్పనిసరి." ఏ హెల్మెట్? కొండెక్కబోయేవాడికి చెప్పులు వేసుకోమని చెప్పి ఊరుకున్నట్టుంది. ఆ మిగిలిన సంగతి రాద్దామనే ఈ ఉత్తరం.

మాది నర్సీపట్నం. గ్రామీణ బ్యాంకులో పని చేస్తాను. కాఫీ, మిరియాలు వేసే రైతుల అప్పుల పని మీద చింతపల్లి వైపు తరచూ వెళ్ళాలి. బస్సుల వేళలు నా పనికి కుదరవు కాబట్టి నా తిరుగుడంతా 150 సీసీ బండి మీదే. సెలవులు కలిసొస్తే మా ఆయనా నేనూ చెరో బండి తీసి పాడేరు, అరకు మీదుగా కోరాపుట్ దాకా పోయొస్తాం.

ఈ దారుల్లో చిక్కేమిటంటే, పొద్దున్నించి సాయంత్రంలోపు మూడు కాలాలు తగులుతాయి. లంబసింగి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. వెయ్యి అడుగులకు రెండు డిగ్రీల చొప్పున లెక్కేస్తే కింద ఊళ్ళకన్నా ఆరు డిగ్రీలే తగ్గాలి. చలికాలం తెల్లవారుజామున అంతకన్నా బాగా పడిపోతుంది. రాత్రంతా నేల వేడి వదిలేస్తుంది, కొండల మీంచి జారిన చల్లగాలి పల్లంలో నిలిచిపోతుంది. కింద పల్చటి చొక్కాతో బయల్దేరిన మనిషి గంట తిరక్కుండా పళ్ళు కొట్టుకుంటాడు. మళ్ళీ మధ్యాహ్నం దిగేసరికి కోస్తా ఉక్క. వానాకాలంలో అయితే కింద పొడిగా ఉంటుంది, ఘాట్‌లో రెండు మలుపులు తిరిగేసరికి జల్లు కొడుతుంది. ఇన్నింటికీ నెత్తి మీద ఉండేది ఒకటే హెల్మెట్.

మన దగ్గర ఎక్కువమంది దాన్ని ఎండను తలుచుకుని కొంటారు. గడ్డం దాకా ముఖమంతా కప్పే హెల్మెట్ చూపిస్తే "ఫుల్ ఫేసు అయితే ఊపిరాడదండీ, చెమట" అంటారు. నా లెక్క వేరు. దారి మొత్తంలో మహా చెడ్డ పది కిలోమీటర్లు ఏవో చూసుకుని, వాటికి పనికొచ్చేది కొనాలి. ఉక్క పోస్తే చెట్టు కింద బండి ఆపుకుని హెల్మెట్ తీసేయొచ్చు. పొగమంచులో, ఘాట్ మలుపులో, వెనక లారీ ఉండగా ఎక్కడ ఆపుతాం?

నేను హెల్మెట్ కొనబోతే షాపులో అబ్బాయి నా ముఖం చూడగానే గులాబీ రంగు హాఫ్ హెల్మెట్ తీశాడు. "లేడీస్ మోడల్ మేడమ్, స్కూటీకి బాగుంటుంది." నాకు స్కూటీ లేదంటే సర్‌కు కొంటున్నారా అన్నాడు. పక్కనే ఉన్న మా ఆయన నవ్వు ఆపుకోడానికి గోడ మీది రేట్ల బోర్డు చదవడం మొదలుపెట్టాడు.

హాఫ్ హెల్మెట్‌తో వానలో యాభై వేగంతో వెళ్ళినవాళ్ళకు తెలుసు, చినుకులు చెంపల మీద గులకరాళ్ళలా తగులుతాయి. మనిషి కళ్ళు చికిలించి, తల పక్కకు తిప్పుకుని నడుపుతాడు. దెబ్బ సంగతి అంతకన్నా పెద్దది. ప్రమాదాల్లో హెల్మెట్‌కు ఎక్కడెక్కడ తాకిడి పడిందో లెక్కలు తీసిన జర్మన్ పరిశోధకుడు డీట్‌మార్ ఒట్టే పరిశీలనలో దాదాపు మూడో వంతు గడ్డం, దవడ ప్రాంతానివే. హాఫ్ హెల్మెట్‌లో అక్కడ ఏమీ ఉండదు, గాలి తప్ప.

ఇక్కడే "ఐఎస్ఐ గుర్తుంటే చాలు" అనే మాట సగమే సాయపడుతుంది. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం నేరం. మంచిదే, రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే ప్లాస్టిక్ టోపీలకు అది అడ్డే. కానీ ఆ గుర్తు గడ్డం దగ్గర తెరిచి ఉండే వాటికీ ఉంటుంది, మొత్తం మూసే వాటికీ ఉంటుంది. ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారం పరీక్షించారని అది చెబుతుంది. మీరు వెళ్ళే దారికి అది తగినదా కాదా అన్నది మీరే చూసుకోవాలి.

మా బ్రాంచిలో కొత్తగా చేరిన కుర్రాడు ముందుకు చూరులా పొడుచుకొచ్చిన అడ్వెంచర్ హెల్మెట్ కొన్నాడు. పల్లెల్లో, మట్టిదారుల్లో అది బాగానే ఉంటుంది. చెట్ల కొమ్మలకు, ఏటవాలు ఎండకు ఆ చూరు అడ్డం. అనకాపల్లి దాటి హైవే ఎక్కాక మాత్రం ఎనభై దాటితే గాలి ఆ చూరును పట్టి తలను వెనక్కి గుంజుతుంది, పక్కనుంచి బస్సు పోతే తల విదిలిస్తుంది. మెడ నొప్పని సాయంత్రం జండూబామ్ రాసుకునేవాడు. ఇప్పుడు హైవే ప్రయాణాలకు ఆ చూరు విప్పేసి వెళ్తున్నాడు. విప్పడానికి వీలున్న మోడలే కాబట్టి సరిపోయింది.

మా ఆయనది గడ్డం భాగం పైకి లేచే మాడ్యులర్. టీ తాగడానికి, దారి అడగడానికి, కళ్ళజోడు పెట్టుకోవడానికి దానంత సుఖం లేదు. బరువు మాత్రం ఎక్కువ, గాలి హోరు కూడా కొంచెం ఎక్కువే. నాకు నచ్చనిదల్లా, ఘాట్‌లో చెమట పట్టగానే ఆ గడ్డం భాగం పైకెత్తేసి నడపడం. అలా ఎత్తి నడిపితే అది బరువైన హాఫ్ హెల్మెట్, అంతే. ఐరోపా ప్రమాణంలో మూసీ, తెరిచీ రెండు విధాలా పరీక్ష నెగ్గిన మాడ్యులర్ లేబుల్ మీద "పి/జె" అని ఉంటుంది. ఒట్టి "పి" ఉంటే మూసి నడపాల్సిందే. ఈ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

నేను వాడేది మామూలు ఫుల్ ఫేస్. లేత రంగు, పైనా గడ్డం దగ్గరా గాలి రంధ్రాలు తెరిచి మూసే వీలున్నది, తెల్ల వైజర్, అంటే కళ్ళ ముందుండే రంగులేని పారదర్శక అద్దం. ఇక అసలు సంగతి ఆ వైజర్ దగ్గరే ఉంది. మీ కథనంలో ఒక్క పేరా పెంచాల్సి వస్తే దీనికే పెంచమంటాను.

మంచులో వైజర్‌కు రెండు వైపులా తడి పడుతుంది. లోపలి వైపు మన ఊపిరి. నోటి గాలి వెచ్చగా, తడిగా ఉంటుంది. వైజర్ బయటి చలికి చల్లబడి ఉంటుంది. ఆ ఆవిరి దానికి తగలగానే సన్నటి చుక్కలై పేరుకుని ఎదుటి రోడ్డు తెల్లటి గోడ అయిపోతుంది. బయటి వైపు పొగమంచు తుంపర. బయటిది ఎడమ చేతి గ్లవ్ వేలితో తుడుచుకోవచ్చు. కుడి చెయ్యి యాక్సిలరేటర్‌నీ బ్రేకునీ వదలకూడదు. లోపలిదాన్ని బండి నడుపుతూ తుడవలేం. అందుకని జనం వైజర్ మొత్తం పైకెత్తేస్తారు. చలిగాలికి కళ్ళు నీళ్ళు కారి అప్పుడు కూడా రోడ్డు కనపడదు.

దీనికి పిన్‌లాక్ అనే పల్చటి పారదర్శక షీటు ఉంది. వైజర్ లోపల రెండు చివరలా ఉన్న పిన్నుల మధ్య దాన్ని బిగిస్తారు. షీటు అంచు చుట్టూ సిలికాన్ గీత ఉంటుంది కాబట్టి వైజర్‌కూ షీటుకూ మధ్య గాలి పొర చిక్కుకుంటుంది. బయటి చలి లోపలి షీటు దాకా చేరదు, చుక్కలు కట్టవు. అంచు ఎక్కడైనా సరిగా ఆనకపోతే మధ్యలోకి తడి పోతుంది. అప్పుడు పిన్నులు కొద్దిగా తిప్పి బిగువు చూసుకోవాలి. రాత్రి ఎదురు లైట్లు కాస్త జోడుగా కనిపిస్తాయి, ఆ లోపం ఉన్నమాటే. షీటును ముతక గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. అన్ని వైజర్లకూ ఇది పట్టదు. పిన్నులున్న వైజర్ దొరికే మోడలేనా అని హెల్మెట్ కొనేటప్పుడే అడగాలి. అంత ఖర్చు వద్దనుకుంటే ముక్కు దగ్గర ఊపిరిని కిందికి మళ్ళించే రబ్బరు ముక్క ఉన్న హెల్మెట్ తీసుకుని, వైజర్‌ను మొదటి గంటు దాకా మాత్రం తెరిచి నడపొచ్చు. మంచులో పర్వాలేదు. వానలో ఆ సందులోంచి నీళ్ళు లోపలికి వస్తాయి.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకు ఇంకో తిప్పలు. నాకూ ఉంది. వైజర్ మసకబారకపోయినా జోడు మసకబారుతుంది, పిన్‌లాక్ దానికేమీ చెయ్యదు. పై రంధ్రాలు తెరిచి ఉంచి, ముక్కు దగ్గరి రబ్బరు సరిగ్గా కూర్చునేలా చూసుకుంటే చాలావరకు తగ్గుతుంది. చెవుల మీద వంకర తిరిగే ఫ్రేముకన్నా తిన్నటి కాడలున్న ఫ్రేము హెల్మెట్‌లోకి సులువుగా దూరుతుంది. షాపులో హెల్మెట్ పెట్టుకుని చూసేటప్పుడు జోడు కూడా పెట్టుకునే చూడండి.

నల్ల వైజర్ల గురించి గట్టిగానే చెప్పాలి. సూర్యోదయం చూడాలని విశాఖ నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరే కుర్రాళ్ళలో చాలామందికి అద్దంలా మెరిసే వైజర్లుంటాయి. చీకట్లో, మంచులో, దీపాలు లేని ఘాట్‌లో ఆ వైజర్ వెనక వాళ్ళకు ఏం కనిపిస్తుందో నాకు అర్థం కాదు. ఎండకు నల్లది కావాలంటే లోపల జారే సన్ వైజర్ ఉన్న హెల్మెట్లున్నాయి. మీట నొక్కితే దిగుతుంది, లేస్తుంది. తెల్ల వైజర్ కింద మామూలు చలువ కళ్ళద్దాలైనా సరే.

సైజు సంగతి మన ఆడవాళ్ళకు మరీ ముఖ్యం. టైలర్ టేపుతో కనుబొమల పైనుంచి తల చుట్టూ కొలిస్తే 58 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, లేబుల్ మీద 580 అని ఉన్నది పెట్టి చూడాలి. చెంపలు నొక్కుకుపోవాలి. హెల్మెట్‌ను పట్టుకుని తిప్పితే చర్మం దాంతో కదలాలి. నుదుటి మీద ఒకచోట పోటు పెడితే ఆ ఆకారం మీ తలకు నప్పదన్నమాట, వేరే కంపెనీది చూడండి. చెంపల దగ్గరి మెత్తలు కొన్నాళ్ళకు అణుగుతాయి కాబట్టి కొత్తలో వదులుగా ఉన్నది తర్వాత బొంగరమే. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ ముందుకు తోసుకొచ్చి కళ్ళ మీదికి దిగుతుంది. క్లిప్పులు తీసేసి మెడ దగ్గర్నుంచి జడ వదలడమే మార్గం. మా ఏజెన్సీలో చలికాలం మంకీ క్యాపు మీద హెల్మెట్ పెట్టుకోవడం ఒక అలవాటు. ఆ ఉన్ని మందం కోసం పెద్ద సైజు కొంటారు, మార్చిలో క్యాపు తీశాక హెల్మెట్ తలలో గిరగిరా తిరుగుతుంది. దాని బదులు తలంతా కప్పే పల్చటి నూలు మాస్కు చలినీ ఆపుతుంది, వేసవిలో చెమటనూ పీలుస్తుంది. దాన్ని ఉతుక్కుంటే హెల్మెట్ కంపు కొట్టదు కూడా.

ఇక ఎండ. ఫుల్ ఫేస్‌లో వేడి ఉండదని అబద్ధం చెప్పను. ఏప్రిల్లో తాళ్ళపాలెం సిగ్నల్ లాంటి చోట ఆగితే తల ఉడుకుతుంది. బండి కదిలాక గడ్డం దగ్గరి రంధ్రం, నడినెత్తి రంధ్రం తెరిచి ఉంటే గాలి ఆడుతుంది. ఆగినప్పుడు వైజర్ ఎత్తుకోవచ్చు. నలుపుకన్నా తెలుపు కొంచెం నయం, మంచులో ఎదుటివాళ్ళకు కూడా ముందు తెలుపే కనిపిస్తుంది.

చివరగా ఒక ఫిర్యాదు, అది రవాణా శాఖకు చేరాలనే మీకు రాస్తున్నాను. ఇప్పుడు లంబసింగి, వంజంగి వచ్చేవాళ్ళలో విశాఖలో అద్దె బైకులు తీసుకునేవాళ్ళు పెరిగారు. మా చుట్టాలబ్బాయి అలా ఒకటి తీసుకుని మా ఇంటికొచ్చాడు. బండితో పాటు ఇచ్చిన హెల్మెట్లు రెండూ హాఫ్‌వే, రెండూ ఒకే సైజు, ఒకదానికి బకిల్ పట్టదు, వైజర్ గీతలతో తెల్లబడిపోయింది. వెనక కూర్చునే పిల్లకు ఇచ్చింది ఆ బకిల్ పట్టనిదే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవాళ్ళకే పరిమితం కాదు, నాలుగేళ్ళు దాటి బండి మీద ఎక్కిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. అద్దె బైకుల వ్యాపారానికి 1997 నాటి కేంద్ర పథకం కింద లైసెన్సు తీసుకోవాలి. ఆ లైసెన్సు ఇచ్చేటప్పుడు బండ్ల కాగితాలతో పాటు హెల్మెట్లు కూడా తీయించి చూడండి. తెల్ల వైజర్‌తో ఫుల్ ఫేస్‌లు కనీసం మూడు సైజుల్లో ఉంచమనండి. అదనంగా డిపాజిట్ తీసుకోమనండి, ఎవరూ కాదనరు. నర్సీపట్నం, పాడేరు షాపులవాళ్ళు కూడా డిసెంబరుకు ముందే తెల్ల వైజర్లు, పిన్‌లాక్ షీట్లు నాలుగు తెచ్చి పెడితే, వైజర్ పగిలిన ప్రతిసారీ మేం విశాఖ పరిగెత్తనక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నర్సీపట్నం, అనకాపల్లి జిల్లా