రేడియేషన్ కోర్సు మధ్యలో ఆగకుండా చూడండి

సంపాదకులకు నమస్కారం.

క్యాన్సర్ వైద్యం మీద వార్త వచ్చిందంటే కొత్త మెషిన్ ఫొటో, దాని ఖరీదు తప్పనిసరి. ఆ రేడియేషన్ మెషిన్ల దగ్గరే టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన వాణ్ణి నేను. పాతకాలం కోబాల్ట్ యూనిట్‌తో మొదలుపెట్టి ఇప్పటి లీనియర్ యాక్సిలరేటర్ మెషిన్ దాకా చూశాను. మా డాక్టర్లు మెషిన్ మొరాయించినప్పటి కంటే పండగల ముందే ఎక్కువ టెన్షన్ పడేవారు. సంక్రాంతి దగ్గర పడుతోంది కాబట్టి ఈ ఉత్తరం.

గొంతు క్యాన్సర్‌కు సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున 33 నుంచి 35 సిటింగులు, అంటే దాదాపు ఏడు వారాలు పడుతుంది. రోజూ టేబుల్ మీద ఉండేది కాసేపే కాబట్టి బటన్ నొక్కడమేగా అనుకుంటారు జనం. మొదటి సిటింగుకు ముందు ఎంత పని ఉందో బయటివాళ్లకు కనబడదు. ప్లాస్టిక్ షీటును వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద పరుస్తాం. కొద్ది నిమిషాల్లో గట్టిపడి తల కదలకుండా పట్టే మాస్క్ అవుతుంది. దానితోనే సీటీ తీస్తాం. ఆ స్కాన్‌ను డాక్టర్ పొర తర్వాత పొర తెరిచి గీతలు గీస్తారు. గడ్డ ఎంతవరకుంది, వెన్నుపాము ఎక్కడ, లాలాజల గ్రంథి ఎక్కడ అన్నీ విడివిడిగా. డోసు లెక్కలు కట్టే ఫిజిసిస్టు తెచ్చిన ప్లాన్‌లో వెన్నుపాముకు డోసు ఎక్కువ పడుతోందనుకుంటే మళ్లీ చేయమంటారు. ఓపీ ముగించుకుని రాత్రి ఎనిమిదింటికి కూడా ఆ స్క్రీన్ ముందే కూర్చున్న డాక్టర్లు నాకు తెలుసు.

ఇంత చేసి మొదలెట్టిన కోర్సు కొందరికి నాలుగో వారంలోనో ఐదో వారంలోనో ఆగిపోతుంది. అప్పటికి నోరంతా పుండ్లు. మజ్జిగన్నం కూడా దిగదు. ‘కరెంటు పెట్టి మనిషిని కాల్చేస్తున్నారు, ఇంటికి తీసుకుపోండి’ అని చుట్టాలు. మరికొందరికి గడ్డ కరిగిపోయి కనబడదు, తగ్గిపోయింది కదా అనుకుంటారు. శుక్రవారం సిటింగ్ కాగానే సంచి సర్దుకుని వెళ్లిన మనిషి సోమవారం రాడు. మిగిలిన క్యాన్సర్ కణాలకు కావాల్సింది ఆ ఖాళీయే. అందులో మళ్లీ పెరుగుతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో అయితే లోపల పెట్టే రేడియేషన్‌తో సహా మొత్తం 8 వారాల్లో పూర్తి కావాలని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

నాతో పనిచేసిన ఒక మేడమ్ సోమవారం పదకొండయ్యేసరికి రానివాళ్ల ఫైళ్లు ముందేసుకుని ఫోన్లు చేసేవారు. ‘బాబాయ్‌గారూ, పుండ్లకు మందు మారుస్తాను, మింగలేకపోతే ముక్కు గొట్టం వేసి జావ పోయిస్తాను, రేపు పొద్దున్నే బస్సెక్కండి’ అని బతిమాలేవారు. ఒకసారి అవతలి నుంచి వచ్చిన జవాబు నాకూ వినబడింది: ‘బస్సు సంగతి కాదమ్మా, రాత్రికి పడుకోను చోటేదీ?’ ఆవిడ దగ్గర దానికి మందు లేదు.

ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం జరుగుతుంది, కాదనను. కానీ ఆసుపత్రిలో చేరకుండా బయట ఉండి రోజూ వచ్చే పేషెంటుకు గది అద్దె ఎవరిస్తారు? అతనికీ, తోడొచ్చిన మనిషికీ ఏడు వారాల కూలి పోయినట్టే. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్లలో క్యాన్సర్ డే కేర్ సెంటర్లు పెడతామన్నారు. మంచిదే, కీమో కోసం దూరం పోయే బాధ తగ్గుతుంది. కానీ రేడియేషన్‌కు మందపాటి కాంక్రీటు గోడల గది, అణుశక్తి నియంత్రణ బోర్డు లైసెన్సు, డాక్టర్, ఫిజిసిస్టు అందరూ ఉండాలి. అది ప్రతి ఊళ్లో పెట్టేది కాదు. అందుకే మెషిన్‌కు డబ్బు మంజూరు చేసేటప్పుడే దాని పక్కన పేషెంటుకూ తోడు మనిషికీ ఒక వసతి భవనం, మెత్తటి తిండి వండే వంటగది కూడా కలిపి మంజూరు చేయాలి. మెషిన్ ఖరీదు ముందు అదెంత?

భోగి, సంక్రాంతి, కనుమ వరుసగా వచ్చినప్పుడు ఒక రోజైనా సెంటర్ తెరిచేలా సిబ్బందికి డ్యూటీ వేయాలి. మేం కనుమ నాడు పనిచేసిన ఏళ్లున్నాయి. ఇంట్లో వాళ్లు విసుక్కున్నారనుకోండి.

కోర్సు నడుస్తున్నవాళ్లు పండక్కి ఊరు వెళ్లక తప్పదంటే ముందుగా డాక్టర్‌తో మాట్లాడండి. శనివారం సిటింగ్ పెట్టడమో, ఆరు గంటల తేడాతో ఒకే రోజు రెండు ఇవ్వడమో, కుదిరితే చూస్తారు. చెప్పకుండా మాత్రం వెళ్లకండి.

— విశ్రాంత రేడియోథెరపీ టెక్నీషియన్, కాకినాడ