ఆరోగ్య శాఖ మంత్రి గారికి: ముందు ఆ రిజిస్టర్ సంగతి చూడండి

మంత్రి గారూ, నమస్కారం.

2030 నాటికి ఎయిడ్స్ బెడద లేకుండా చేస్తామని మీ శాఖ చెప్పిన ప్రతిసారీ ఫీల్డ్‌లో తిరిగే మాలాంటి ఔట్‌రీచ్ వర్కర్లకు ఒకటే సందేహం. హెచ్‌ఐవీ పరీక్షకు వచ్చి రిజిస్టర్‌లో రాయించుకున్న మనిషి పేరు ఎవరెవరి చేతుల్లోకి పోతోందో ఎప్పుడైనా అడిగారా?

మందులకు కొదవ లేదు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు సరిగ్గా వాడి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షలో కనపడనంతగా తగ్గితే, ఆ మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి హెచ్‌ఐవీ సోకదు. సోకకుండా ముందే వాడే ప్రెప్ అనే మందు ఉంది, వైరస్ సోకే ప్రమాదం ఎదురయ్యాక 72 గంటల్లోపు మొదలుపెట్టే పెప్ అనే మందు ఉంది, తమంతట తాము చేసుకునే టెస్ట్ కిట్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సిఫార్సు చేసింది. ఇన్ని ఉన్నా సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు, స్వలింగ సంపర్కులు, డ్రగ్స్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లు పరీక్ష సెంటర్ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నారు. అక్కడ పేరు రాయించుకోవాలంటే వాళ్లకు టెన్షన్.

ఆ టెన్షన్ ఊరికే రాలేదు. 2019లో సింగపూర్‌లో హెచ్‌ఐవీ ఉన్న 14,200 మంది పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు ఆన్‌లైన్‌లో లీకయ్యాయి. అంత కట్టుదిట్టమైన దేశంలో. పైగా రిజిస్టర్ చూసే అధికారం ఉన్న డాక్టరే దాన్ని సరిగ్గా కాపాడలేదని అక్కడి ఆరోగ్య శాఖే చెప్పింది. మరి వేలిముద్రలు, గుర్తింపు కార్డు నంబర్లు, సెక్స్ వర్కరా, ట్రాన్స్‌జెండరా అని రాసే 'కేటగిరీ' గడి అన్నీ ఒకేచోట పెట్టమంటే ఎవరు నమ్మి వస్తారు? కోడ్ నంబర్ చాలు. ఎవరు ఎప్పుడు ఆ ఫైలు తెరిచారో లెక్క ఉండాలి, పోలీసులు అడిగినంత మాత్రాన ఇచ్చెయ్యకూడదు.

ఇంకోటి, హెచ్‌ఐవీ ఉందని తేలినవాళ్ల నుంచి, పరీక్షకు పిలవడానికని, వాళ్ల లైంగిక పార్ట్‌నర్ల పేర్లు రాబట్టడం. దీనికి కూడా టార్గెట్ పెడితే ఏమవుతుందో పైనున్నవాళ్లకు తెలియదనుకుంటా. కొట్టే భర్త ఉన్న ఆడమనిషిని కౌన్సెలర్ కూర్చోబెట్టి 'పేరు చెప్పు' అని ఒత్తిడి పెడితే, ఆ పేరున్నవాడికి కబురు అందిన రాత్రి ఆమె పరిస్థితి ఏంటి? ఇది ఇష్టపూర్వకంగానే జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమమే ఉంది. ఇంట్లో హింస ఉందా అని ముందు అడగండి, ఉందంటే అక్కడితో ఆపెయ్యండి, టార్గెట్ తగ్గితే తగ్గనివ్వండి.

మా సంగతి కూడా కొంచెం. కండోమ్ ప్యాకెట్లు పట్టుకుని రాత్రిపూట తిరిగే పీర్ వర్కర్లు చాలామంది తామూ సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్ల లాంటి కమ్యూనిటీల వాళ్లే, కాబట్టి పోలీసు ఆపినా, రౌడీ ఆపినా దెబ్బలు వాళ్లకే. (జీతాల గురించి ఇంకో ఉత్తరం రాస్తాను, దానికి ఇంకా పెద్ద కాగితం కావాలి.) ఇద్దరిద్దరుగా పంపడానికి, వాహనానికి, లాయర్‌కి, అవసరమైతే కొన్నాళ్లు చోటు మారడానికి బడ్జెట్‌లో డబ్బు విడిగా పెట్టండి. కండోమ్ దొరికిందని కేసు కట్టొద్దని హోం శాఖతో మాట్లాడాల్సింది మీరే, మేము మాట్లాడితే వినరు.

ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నుంచి ఆరు నెలల మందులు ఒకేసారి ఇప్పించండి, సెంటర్ ముందు కనపడే అవసరం తగ్గుతుంది. వచ్చే సమీక్షలో ఎంతమందికి పరీక్ష చేశారని అడిగాక, ఎంతమంది పేర్లు బయటికి పొక్కాయో, ఎంతమంది వర్కర్ల మీద దాడి జరిగిందో కూడా అడగండి. ఆ రెండు లెక్కలు ఇప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇట్లు,
ఒక ఔట్‌రీచ్ వర్కర్